మూడో చప్పుడు

అక్కడ కాదమ్మడూ, పెట్టె దగ్గర్నుంచి రాయి. పోయినసారి మీ అమ్మ బట్టలపెట్టె సర్దుకుని హాల్లో పెట్టింది, అక్కడ ఆపాం కదా. ఆ పెట్టె ఇంకా అక్కడే ఉంది. కుట్టుమిషనుకీ నడవాకీ మధ్య, ఎవరు నడిచినా మోకాలికి తగిలేలా. మూడు రోజులు అందరం దాన్ని దాటుకుంటూనే తిరిగాం. ఒక్కరూ దాని మాట ఎత్తలేదు.

ఆదివారం పొద్దున మీ నాన్న దాటలేదు. కాలితో తన్నాడు.

“ఉంటే ఉండు, పోతే పో. దారికడ్డంగా ఈ పెట్టేంటి?”

మీ అమ్మ మిషను ఆపలేదు. ఎవరింటివో కిటికీ పరదాలు, నీలంరంగువి, ఒళ్ళో కుప్పగా ఉన్నాయి. తొక్కుతూనే జవాబిచ్చింది.

“నేనెందుకు పోవాలండీ? పోవాల్సింది ఆ సీసా. అది ఇంట్లోంచి కదిలితే నా పెట్టె దానంతటదే లోపలికి నడిచొస్తుంది.”

“అది మా అమ్మ చేతిది.”

“కాదన్నానా? మీ అమ్మ చేతిదే. ఆవిడ పోయి రెండు నెలలైంది. మరి ఆవిడ గ్లాసు రోజూ నాలుగింటికి ఎవరు తడుపుతున్నారు? అది చెప్పండి. చెప్తే ఈ పెట్టె నేనే అటకెక్కిస్తా.”

మీ నాన్న వంగి, తన్నిన పెట్టెని మళ్ళీ సరిగ్గా పెట్టాడు.

సీసా అంటే ఏ సీసానో తెలియనివాళ్ళుంటారు, వాళ్ళ కోసం ఒక ముక్క రాయి. మీ నాయనమ్మ పోయే ముందు ఆఖరిసారి ఉడికించి పెట్టిన అనాసపండు సీసా. పాలటీలో కలపడానికి. నలభై ఏళ్ళు ఈ ఇంట్లో సాయంత్రం టీ అంటే అదే. ఇప్పుడిక చేసేవాళ్ళు లేరు. ఉన్నది ఆ ఒక్క సీసా.

గ్లాసు కూడా మీ నాయనమ్మదే. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడింది. పెచ్చు ఊడని వైపు తిప్పుకుని తాగేది. ఇంకొకరి చేతికిచ్చేది కాదు. “మీ మూతికి తెగితే మళ్ళీ నాదే తప్పంటారు,” అనేది. ఆవిడ పోయాక ఆ గ్లాసుని వంటింట్లో పై అరలో బోర్లించాం. ఎవరూ ముట్టుకోలేదు.

మూడు వారాల కిందట మీ అమ్మ మొదటిసారి చూసింది. నాలుగున్నరకి మిషను ఆపి వంటింట్లోకి వెళ్తే గ్లాసు కింద గట్టు మీద ఉంది. కడిగి బోర్లించి ఉంది. చుట్టూ నీళ్ళ చుక్కలు. గదంతా అనాసపండు వాసన. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆదివారం ఒక్కరోజు తప్ప.

నేను ఆ వేళకి ఇంట్లో ఉండను. మూడున్నరకి కర్ర పట్టుకుని కింద పార్కుకి వెళ్తే ఐదింటికి గానీ రాను. నువ్వు కాలేజీలో. మీ నాన్న కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తూ. ఇంట్లో మీ అమ్మ ఒక్కతే, చెవుల నిండా మిషను చప్పుడుతో. పాపం, ఎంత గుండె ధైర్యమున్న మనిషైనా ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?

దీనికి తోడు టీ విరగడం. మీ నాయనమ్మ చేతిలో ఏనాడూ విరగని టీ అది. మీ అమ్మ ఒకసారి కలిపింది. విరిగింది. పాలు పాతవేమో అనుకుని వారం ఆగి మళ్ళీ కలిపింది. మళ్ళీ విరిగింది. అప్పట్నుంచీ ఆ సీసా ఉన్న అరవైపు మీ అమ్మ కన్నెత్తి చూడడం మానేసింది.

ఆదివారం మీ నాన్న తేల్చేశాడు.

“సరే. ఇవాళ అందరి ముందూ నేను కలుపుతా. విరక్కపోతే సీసా ఉంటుంది, నువ్వు పెట్టె విప్పాలి. విరిగితే నా చేత్తో నేనే సింకులో పోస్తా.”

“పొయ్యండి చూస్తాను. మాట మీద నిలబడితే మీ పేరు చెప్పుకుని ఒక పరదా ఊరికే కుట్టి పెడతా,” అంది మీ అమ్మ.

అందరం వంటింట్లో చేరాం. నలుగురం నిలబడితే ఊపిరాడని వంటిల్లు అది. నువ్వు తలుపుకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నావు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

మీ నాన్న టీపొడి వేసి చిక్కగా డికాషన్ దింపాడు. పాలు వేరే గిన్నెలో కాచి పక్కన పెట్టాడు. పై అరలోంచి సీసా తీశాడు. మూత మీద చెయ్యి వేశాడు. తిప్పాడు.

ఉస్స్‌మంది.

పాము బుస కాదు. అలసిపోయిన మనిషి కుర్చీలో కూలబడుతూ వదిలే ఊపిరిలాగ. మీ అమ్మ రెండడుగులు వెనక్కి వేసి ఫ్రిజ్‌కి అతుక్కుపోయింది.

“విన్నారా మామయ్యా? మీరైనా విన్నారా?”

“విన్నానమ్మా.”

“అమ్మ నిట్టూర్పు అది,” అన్నాడు మీ నాన్న. చాలా మెల్లగా అన్నాడు.

గ్లాసులో రెండు చెంచాల పండు వేశాడు. మీ నాయనమ్మ గ్లాసు కాదు, వేరే గ్లాసు. దాని మీద డికాషన్ పోశాడు. చివర్న పాలు. చెంచా బోర్లించి, దాని వీపు మీంచి సన్నటి ధారగా పోశాడు. నేను ఆశ్చర్యపోయాను. అచ్చం మీ నాయనమ్మ పోసినట్టే. ఈ ఇంట్లో టీ అందుకుని తాగడమే తప్ప స్టౌ వెలిగించి ఎరగడు మీ నాన్న. ఆ చెయ్యి ఎప్పుడు కుదిరింది?

పాలు పడ్డాయి. ఒక్క క్షణం బాగానే ఉంది. తర్వాత దూది చింపి పడేసినట్టు ముక్కలు ముక్కలుగా పైకి తేలింది.

కుళాయి కింద చుక్క పడిన చప్పుడు వినిపించింది.

“రోజూ ఇంతే,” అన్నాడు మీ నాన్న.

అని చప్పున ఆగిపోయాడు.

మీ అమ్మ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. రోజూ ఏంటి? మీ అమ్మ కలిపింది రెండుసార్లు. ఇది మూడోది.

“కోపం. అమ్మకి కోపం,” అన్నాడు, మాట మార్చేస్తూ. “మన మీద కాదు. దాని మీద.”

దాని మీద అంటే మీ అత్త మీద. ఇంటికి చిన్నది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే పని. తల్లి దగ్గుతోందని తీసుకెళ్ళి ఆ ఎక్స్‌రే తనే తీసింది. తెర మీద మచ్చ మొదట చూసింది తనే. రిపోర్టు ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అంటూ పదిహేను రోజులు దాచింది. తల్లి పోయిన వారానికి అది బయటపడింది. ఆ రోజే మీ నాన్న దాన్ని మెట్ల మీద నిలబెట్టి, మళ్ళీ ఈ గడప తొక్కొద్దన్నాడు.

“అన్నిటికీ మీ చెల్లెల్నే అంటే సరిపోతుంది కదా,” అంది మీ అమ్మ. “చచ్చిపోయినావిడ కోపం చెల్లెలి మీదైతే గ్లాసు వెళ్ళి అక్కడ తడవాలి. నా వంటింట్లో ఎందుకు?”

“నీకర్థం కాదు.”

“అవును లెండి. ఊరందరికీ కళ్ళద్దాలు మీరే పెడతారు. నాకే చూపు లేదు.”

మీ నాన్న సీసా ఎత్తాడు. సింకు మీదికి వంచాడు. నేను స్టూలు మీంచి ఎలా లేచానో నాకే తెలియదు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోగానే ఆగిపోయింది అమ్మడూ ఆ చెయ్యి. పోసెయ్యాలని వంచిన చెయ్యి కాదది. ఎవరైనా పట్టుకుంటే బాగుండని వంచిన చెయ్యి.

“వచ్చే ఆదివారం దాకా ఆగరా,” అన్నాను.

“ఆగితే ఏమవుతుంది నాన్నా?”

“మీ చెల్లిని పిలు. మీ అమ్మ చెయ్యి వచ్చింది దానికొక్కదానికే. దాన్ని కలపనీ. అది కలిపినా విరిగితే, సీసా నేనే పారేస్తా.”

“అది ఈ గుమ్మంలో అడుగుపెడితే నేనుండను.”

“అబ్బో,” అంది మీ అమ్మ. “అయితే నా పెట్టె ఖాళీ చేసిస్తా. మీ బట్టలు సర్దుకోండి.”

నవ్వు రావాల్సిన మాటే. ఎవరికీ రాలేదు. మీ నాన్న సీసా గట్టు మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ ఒక మాట అన్నాడు. “ఆదివారం దాకా. ఆ తర్వాత నన్నెవరూ ఆపొద్దు.”

సరే. ఇప్పుడు సోమవారం రాయి.

ఎవరూ లేనప్పుడు సీసాని కిటికీ దగ్గరికి తెచ్చుకున్నాను. నేను చదువుకున్నది తక్కువ. కానీ పాల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాను. పాలు ఊరికే విరగవు. వాటికి కోపాలుండవు, తాపాలుండవు. విరిగాయంటే పుల్లనిదేదో తగిలింది, లేదా వేడెక్కువైంది, లేదా గిన్నె శుభ్రంగా లేదు. ముప్ఫై ఏళ్ళలో నాలుగో కారణం నేను చూడలేదు.

సీసాని వెలుగులో పెట్టి చూశాను. మీ నాయనమ్మ ఉడికించిన ముక్క గాజుపెంకులా ఉంటుంది, అవతల వేలు పెడితే కనిపించాలి. సీసా అడుగున ముక్కలు అలాగే ఉన్నాయి. పైన మాత్రం వేరు. పీచుపీచుగా, మసగ్గా, పచ్చి పసుపు రంగులో. సన్నటి బుడగలు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. పుల్లగా, వెనక చురుగ్గా ఉంది.

అది పచ్చిరసం. ఎవరో పచ్చి అనాసరసం తెచ్చి పైన పోశారు.

ఉడికించిన పాకం అర మీద ఆరు నెలలున్నా చెడదు. పచ్చిరసం కలిస్తే పులుస్తుంది. పులిస్తే గాలి పుడుతుంది. గాలి పుట్టి మూత కింద ఇరుక్కుంటే, తీసినప్పుడు ఉస్స్‌మంటుంది. బాయిలర్ కవాటం తిప్పితే వచ్చేదీ ఆ చప్పుడే. మీ నాయనమ్మ నిట్టూర్పు కాదమ్మా అది. ఆవిడ నిట్టూరిస్తే అంత చిన్నగా ఉండదు, పక్కింటికి వినిపించేది.

ఇక ఎవరు పోశారన్నది. దానికి చదువక్కర్లేదు. చీమలు చాలు.

సోమవారం సాయంత్రం నీ కాలేజీ సంచి కుర్చీకి తగిలించి ఉంది. దాని అడుగు నుంచి గోడదాకా చీమల బారు. పుస్తకాలు తినడానికి రావు కదా చీమలు. సంచి తడిమాను, తప్పే, క్షమించు. అడుగున దగ్గుమందు సీసా ఉంది. కడిగిందే, అయినా మూత దగ్గర జిగురు.

ఎందుకాపావు? రాయి.

నీ చెవులు ఎర్రబడ్డాయి. ఫరవాలేదు, అది రాయకపోయినా సరే.

“తాతయ్యా, ఇది కూడా చెప్పాలా?” అంటున్నావు. చెప్పాలి. నేను చెప్తే నేరంలా ఉంటుంది. నువ్వే చెప్పు, నీ మాటల్లోనే రాసుకో.

“మంగళవారం మంగళవారం అత్త దగ్గరికి వెళ్తున్నా తాతయ్యా. నాన్నకి తెలిస్తే చంపేస్తాడని చెప్పలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు అత్త ఏమీ తినలేదు. నాయనమ్మ సీసా ఇంకా ఉందా అని ఒక్కమాట అడిగింది. అందుకని రెండు చెంచాలు తీసుకెళ్ళా. అత్త టీ కలుపుకుని, తాగకుండా చేతిలో పెట్టుకుని కూర్చుంది. చల్లారిపోయాక తాగింది. తర్వాతి వారం మళ్ళీ తీసుకెళ్ళా.”

“మరి పచ్చిరసం?”

“నేను తీసేది రెండు చెంచాలే తాతయ్యా. నీ మీద ఒట్టు. కానీ వారం తిరిగేసరికి అరచెయ్యంత దిగిపోయేది. నేను తియ్యకుండానే తగ్గిపోతోంది. నాకు భయమేసింది. అమ్మ చూస్తే నన్నే అంటుంది, అత్త సంగతి బయటపడుతుంది. అందుకని అనాసపండు కొని, కాలేజీ క్యాంటీన్‌లో మిక్సీ పట్టించి పోశా. రంగు ఒకేలా ఉంది కదా అని...”

“ఉడికించాలని తెలియదా పిచ్చిమొద్దూ?”

“నాయనమ్మ ఎప్పుడూ నన్ను స్టౌ దగ్గరికి రానిచ్చేది కాదుగా.”

అది నిజమే. ఈ ఇంట్లో అందరం తాగినవాళ్ళమే. నేర్చుకున్నవాళ్ళం లేము.

“గ్లాసు?” అని అడిగాను.

ఇదిగో, ఇప్పుడు నువ్వు తలెత్తి చూసిన చూపు గుర్తుపెట్టుకుంటాను. “గ్లాసు నేను కాదు తాతయ్యా. నాలుగింటికి నాకు క్లాసుంటుంది. సీసా సంగతి నాదే. గ్లాసు సంగతి నాకు తెలియదు.”

సరే. గ్లాసుని కాసేపు అక్కడే ఉంచుదాం. ముందు నా వంతు.

ఇవాళ గురువారం. మోకాలు లేవనివ్వలేదు, పార్కుకి వెళ్ళలేదు. నీకు కాలేజీ సెలవు. అందుకే ఎప్పుడూ పొద్దుపోయాక రాసుకునేది ఇవాళ ఈ వేళ కూర్చున్నాం. మీ అమ్మ హాల్లో మిషను తొక్కుతోంది, వినిపిస్తోందా? నా మంచం తలవైపు గోడకి అవతల వంటిల్లు. మధ్యలో గిన్నెలందించుకునే చిన్న కిటికీ. మీ నాయనమ్మ అందులోంచే నాకు టీ అందించేది. మొహం కనిపించేది కాదు, గాజులేసుకున్న చెయ్యొకటి వచ్చేది.

ఎక్స్‌రే తీయించుకొచ్చాక ఒక రోజు మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచింది.

అనాసపండ్లు ఆరు తెచ్చి పెట్టుకుంది. ఒకటి కోస్తోంది. చెక్కు తీసి, కళ్ళు ఒక్కొక్కటే కత్తిమొనతో తవ్వుతోంది. ఆవిడకి ఆ పని ఇంకొకరు చేస్తే నచ్చదు. ఒక్క కన్ను మిగిలినా నోట్లో గుచ్చుకుంటుందంటుంది. తవ్వుతూ, దగ్గుతూ, మధ్యలో ఆగుతూ.

ఉండు.

విన్నావా? వంటింట్లో స్టౌ వెలిగిన చప్పుడు.

నా చెయ్యి పట్టుకుంటున్నావేం? లేవకు. లేవొద్దంటున్నాను. గడియారం చూడు. నాలుగవడానికి పది నిమిషాలుంది కదూ?

మిషను ఆగలేదు, అంటే మీ అమ్మ కాదు. నువ్వూ నేనూ ఇక్కడే ఉన్నాం.

ఆ తలుపు సందులోంచి నడవా చివరికంటా చూడు. గుమ్మం పక్కన, ఎడమ మడమ అరిగిపోయిన ఆ చెప్పులు కనిపిస్తున్నాయా? ఎవరివి?

“నాన్నవి,” అన్నావు.

నాకు ఆదివారమే అనుమానమొచ్చింది. రోజూ ఇంతే అన్నాడు చూడు, అప్పుడు. దుకాణం వెనక సందులోంచి వస్తే మన గుమ్మం ఐదు నిమిషాలు. నడవాకి వీపు పెట్టి మిషను తొక్కే మీ అమ్మకి కనబడడు. ఆదివారాలు దుకాణం సెలవు, గ్లాసూ సెలవు. సీసా రెండు చెంచాలకి అరచెయ్యంత ఎందుకు దిగిందో ఇప్పుడర్థమైందా? రోజూ వచ్చి తల్లి గ్లాసులో కలుపుకుంటున్నాడు. రోజూ విరుగుతోంది. ఆ విరిగినదే తాగి, కడిగి, బోర్లించి వెళ్ళిపోతున్నాడు. తల్లి తనని క్షమించలేదనుకుంటున్నాడు వెర్రినాగన్న. పైకి మాత్రం కోపం చెల్లెలి మీదంటాడు.

డికాషన్ దిగడానికి కొంచెం టైం పడుతుంది. ఆలోపు నేను చెప్పెయ్యాలి. ఇక్కణ్ణుంచి కాస్త గట్టిగా చెప్తాను. నువ్వు మామూలుగానే రాసుకో.

మీ నాయనమ్మ అనాసకళ్ళు తవ్వుతూ నాతో అంది, “చూడండీ, చిన్నదాన్ని ఒక మాట అడిగాను. అది ఒప్పుకుంది. మీరూ ఒప్పుకోవాలి.”

“ఏంటది?” అన్నాను.

“నా ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. చిన్నది తెర మీద చూసింది. బస్సులో ఇంటికొస్తూ దాని చెయ్యి నా నెత్తిన పెట్టించుకున్నాను. పదిహేను రోజులు పెద్దాడికి చెప్పొద్దని. వాడికి తెలిస్తే ఆ సాయంత్రమే ఎత్తుకెళ్ళి ఆస్పత్రిలో పడేస్తాడు. వెళ్తే మళ్ళీ ఈ వంటింట్లోకి నడిచి రాను. నాకు తెలుసు. పండ్లు ఇప్పుడే తీపెక్కాయి. ఈ సీసా ఒక్కటీ చేసుకోనివ్వండి.”

నేనేమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. ముక్కలు గిన్నెలో వేసి చక్కెర పోసింది. మంట నేను పెద్దది చేశాను. “మీ బాయిలర్ కాదిది, తగ్గించండి,” అంది. తగ్గించాను. నురగ అణిగేదాకా, ముక్క గాజులా అయ్యేదాకా ఇద్దరం నిలబడ్డాం. పూర్తిగా చల్లారాక గానీ సీసాలో పొయ్యనివ్వలేదు. వేడి మీద పోస్తే పాకం ఏడుస్తుంది, మూత కింద నీళ్ళు పడతాయి అంది. ఒక్కటన్నది పదిహేను రోజుల్లో మూడు సీసాలు చేసింది, ఇప్పుడున్నది ఆఖరిది. ప్రతిసారీ నేను పక్కనే ఉన్నాను.

ఆ పదిహేను రోజులకి ఏమైనా తేడా ఉండేదా? నాకు తెలియదు. డాక్టరు ఉండేది కాదన్నాడు. రాత్రి నిద్రలో మాత్రం ఉండేదేమో అనిపిస్తుంది.

చెంచా తిరుగుతోంది గ్లాసులో. విను. ఆపకు, రాస్తూ విను.

మెట్ల మీద పెద్దాడు చెల్లెలితో అన్న మాటలు నీకూ తెలుసు, నువ్వూ ఉన్నావు. “తల్లిని చంపుకున్నావే,” అన్నాడు. అది ఒక్కసారి తలెత్తి నా వంక చూసింది. నాన్న చెప్తాడు అనుకుంది. ఒక్క మాట చాలు. నాకూ తెలుసురా, అమ్మే చెప్పొద్దంది, నేనూ ఒప్పుకున్నాను అంటే అయిపోయేది.

అది నా వంక చూసింది. నేను నా చెప్పుల వంక చూశాను.

అది దిగి వెళ్ళిపోయింది. నా పేరు చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు. పెద్దాడా, నాకు తెలుసురా. మొదటిరోజు నుంచీ తెలుసు. దాన్ని పంపించావు. పంపించాల్సింది నన్ను.

రాశావా? ఆ చివరిదీ రాశావా?

మీ నాయనమ్మకి ఒక అలవాటుండేది. కలపడం అయ్యాక చెంచాని గ్లాసు అంచు మీద మూడుసార్లు తట్టేది. మూడు తట్టిందంటే టీ అయినట్టు. ఆ కిటికీలోంచి చెయ్యి వస్తుందని నేను లేచి కూర్చునేవాణ్ణి. ఆ అలవాటు ఇద్దరు పిల్లలకీ వచ్చింది.

టింగ్.

విన్నావా?

టింగ్.

మూడోది రాలేదు.

అవతల మనిషి కదలడం లేదు. గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడూ లేదు. చేతిలోనే ఉంది. హాల్లో మిషను కూడా ఆగింది. మీ అమ్మకీ ఏదో వినిపించినట్టుంది.

నువ్వు వంటింట్లోకి వెళ్ళకు. పిలవకు. వాడు రావాలనుకుంటే ఐదడుగులు. వెళ్ళిపోవాలనుకుంటే చెప్పులు అటే ఉన్నాయి. రెండిట్లో ఏది వినిపిస్తుందో నాకు తెలియదు.

నువ్వు కాయితాలు మడిచి సంచిలో పెట్టుకో. ఈసారి మంగళవారం దాకా ఆగొద్దు, ఇప్పుడే వెళ్ళు. దగ్గుమందు సీసా వద్దు, ఇవి చాలు. మీ నాన్నకి చదివి వినిపించక్కర్లేదు. మీ అత్తకి వినిపించు, మొదటి నుంచీ. చీమల దగ్గర నవ్వుతుంది, నవ్వనీ. చెప్పుల వంక చూశాను అన్నచోట తొందరపడకు. అక్కడ ఆగు, దాని మొహం చూడు, ఇంకా వింటానంటేనే మిగతాది చదువు. ఆదివారం దాకా సీసా అర మీదే ఉంటుందని చెప్పు. పైనున్న పచ్చిరసం తీసేసి, అడుగున మిగిలింది మళ్ళీ ఎలా ఉడికించాలో ఇక్కడెవరికీ రాదని చెప్పు. గోడకి ఇటొకడూ అటొకడూ ఇద్దరు మగవాళ్ళు మూడో చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నారని, అది కూడా చదివి వినిపించమ్మా.